బొటనవేలికి అంటని జాజు

సియబాతా ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కుడిచేత్తో బేరింగును దానికేసి అదుముతున్నాడు. అంచు ఆనించి, లోపలికి తోసి, గీకినట్టు పైకి లాగడం. గుండ్ల సందుల్లోంచి గ్రీజు అవతలి పక్కకి పొడుచుకొచ్చాక బేరింగును కొంచెం తిప్పి మళ్ళీ అదుముతాడు. చుట్టూ ఒక వరస పూర్తయ్యేసరికి పావుగంట పడుతుంది. ఈ పనికి పట్నంలో ఏదో సాధనం ఉందట. "గ్రీజు ఎక్కిందో లేదో చేతికి తెలుస్తుంది, దానికేం తెలుసు" అంటాడు వాడు.

ఆ బేరింగు బొత్స్వానా నుంచి వచ్చిన తెల్ల పికప్పు బండిది. ముందు ఎడమ చక్రానిది. రెండు రోజుల కిందట ఏరు దాటుతుంటే నీళ్ళు తలుపు గడప దాకా వచ్చాయట, లోపలి గ్రీజంతా కొట్టుకుపోయి అరుపు మొదలైంది. ఆ అరుపు వింటూనే మా హా సెఫాకో ఊరి దాకా లాక్కొచ్చారు.

రోడ్డు పక్కన మా ఇద్దరికీ కలిపి ఒకటే షెడ్డు. సగంలో నా వెల్డింగు, సగంలో వాడి మెకానిక్ పని. ఇరవై ఏళ్ళయింది. ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు. పశువులు కాసే రోజుల్లో ఎవరో వదిలేసి పోయిన ట్రాక్టరు ఒకటి కొండ కింద తుప్పు పడుతుంటే, దాన్ని విప్పీ బిగించీ సియబాతా పని నేర్చుకున్నాడు. మూడేళ్ళకి అది నడిచింది కూడా. మాట తక్కువ మనిషి. పని మీద చెయ్యి ఉండగా కబుర్లాడే మెకానిక్కులంటే వాడికి ఒళ్ళు మంట. "నోటితో బిగించేవాళ్ళు" అని వాళ్ళకి పేరు పెట్టాడు. ఆ పేరు మా లోయంతా పాకింది.

వాడికి ఒక అలవాటుంది. వాడి భార్య మాలినేయో గోడలకి పూసే జాజు కొంచెం తెచ్చి, నూనెలో కలిపి, చిన్న రేకు డబ్బాలో ఉంచుకుంటాడు. చక్రం నట్టు ఆఖరిసారి బిగించాక బొటనవేలు అందులో ముంచి, నట్టు మీంచి చక్రం మీదికి ఒక గీత గీస్తాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. డ్రైవర్లు బండి తీసుకునేటప్పుడు వంగి చూసేది ఆ గీతనే. జాజు ఉంటే ఇంక ఏమీ అడగరు.

పికప్పులో వచ్చింది భార్యాభర్తలిద్దరు. తోలుకొచ్చింది భార్య. పేరు సెతున్యా. వాళ్ళ ఊళ్ళకి నీళ్ళు మోసే లారీకి డ్రైవరు. భర్త మొదిరి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని, ఒక్కసారైనా వేరే దేశం చూద్దామని, బండి పైన మడత గుడారం కట్టుకుని బయలుదేరారు. మా కొండల్లో తిరగడం మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. వాళ్ళ భాష మా భాషకి పినతల్లి బిడ్డ లాంటిది, అందుకని మాటకి ఇబ్బంది లేదు.

ఆ పన్నెండు రోజుల సంగతులు ఆవిడ బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ చెప్పింది. పొద్దున లేచేసరికి గుడారం గుడ్డ అట్టలా బిగిసిపోయి, విదిలిస్తే మంచు పెళ్ళలు రాలాయట. జలపాతం పక్కన కూర్చుని తడిసి ముద్దవుతూ అన్నం తిన్నారట. ఏట్లో ఇరుక్కుంటే గొర్రెల కాపర్లు రెండు గుర్రాలు కట్టి లాగి, ఏమిచ్చినా తీసుకోకుండా, గుడారం ఎక్కి పడుకుని చూసి దిగిపోయారట. "మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైంది చెదల పుట్ట. దాని మీదకి కూడా ఈయన ఎక్కడు" అంది మొగుణ్ని చూపిస్తూ.

మొదిరికి ఎత్తులంటే భయం. లోయ పక్కన బండి వెళ్తుంటే కళ్ళు మూసుకుంటాడు. మరీ ఇరుకు మలుపులొస్తే, రంగు రాళ్ళు ఏరుకుంటానని వంక పెట్టి దిగి నడుస్తాడు. బండి వెనక నేల మీద ఒక సంచీడు రాళ్ళు దించి ఉన్నాయి. మాతోపాటు నవ్వాడు, కానీ సంచీని కాలితో బండి కిందకి తోశాడు.

మామూలుగా అయితే సియబాతా వినీ విననట్టు పని చేసుకుపోయేవాడు. ఆ రోజు అలా జరగలేదు. ఆవిడ వాడి చేతి పని చూసి, తమ ఊళ్ళో ఇలా చేత్తో గ్రీజు పట్టించేవాళ్ళు పోయి చాలా కాలమైందంది. ఆ మాట వాడికి ఎక్కింది. చక్రం ఎక్కిస్తూ మొదిరి వైపు తల తిప్పి, మేం 'అయ్యా' అనడానికి వాడే మాటతో, "న్తాతే, కళ్ళు మూసుకుని చూశారు కదా, మా దేశంలో మీకు బాగా నచ్చిందేంటి?" అన్నాడు. అప్పటికి షెడ్డులో నలుగురైదుగురు డ్రైవర్లు చేరారు. అందరూ నవ్వారు. నేనూ ఊరుకోలేదు, "రాళ్ళు" అన్నాను. ఇంకా నవ్వారు.

ఆరు నట్లూ చేత్తో తిప్పి, పానాతో తేలిగ్గా పట్టించి, జాకీ దింపాడు. గట్టిగా బిగించేది చక్రం నేల మీద ఆనాకే. పానా తీసుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర పాట వినిపించింది.

న్తోఫెలా అనే పెద్దాయన అక్క చనిపోయింది, ఆ రోజే మట్టి. శవపేటిక చిన్న లారీలో, వెనక ఆడవాళ్ళు పాడుతూ, వాళ్ళ వెనక మొగవాళ్ళు గుర్రాల మీద. అలా వెళ్తుంటే మా దగ్గర చేతిలో పనిముట్టు పట్టుకుని ఎవరూ నిలబడరు. నేను మంట ఆర్పేశాను. సియబాతా పానా కింద పెట్టి, టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదిరి కూడా తన టోపీ తీసి బల్ల మీద పెట్టి మా పక్కన కూర్చున్నాడు. ఊరేగింపు మెల్లగా వెళ్ళింది. ఆఖరి గుర్రం దాటిపోయాకే లేచాం.

తప్పంతా ఆ ఊరేగింపు మీద వెయ్యొచ్చు. మా లోయలో ఎవరూ కాదనరు. కానీ నేను అక్కడే ఉన్నాను. లేచాక వాడు పానా చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ ఆ చక్రం దగ్గరికే వెళ్ళాడు. సెతున్యా ఫోను తీసి, "అలాగే ఉండండి, పానా పట్టుకునే" అంది. వాడు టైరు మీద కాలు పెట్టి, పానా భుజానికి ఆనించి నిలబడ్డాడు. ఫొటో అయ్యాక ఆ ట్రాక్టరు కథ ఎత్తుకున్నాడు. ఇరవై ఏళ్ళలో నాకు ముక్కలుగా తెలిసిన కథ, ఆ రోజు మొత్తం విన్నాను. మధ్యలో పట్నం మెకానిక్కులు ఎలా బిగిస్తారో నోరు మెదుపుతూ చేసి చూపించాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. ఇంకోటి చెప్పరా అని అడిగింది నేనే.

మాలినేయో ఆవిరి రొట్టె, టీ తెచ్చింది. సెతున్యా తన మూటలోంచి వాళ్ళవైపు తినే ఎండు గొంగళిపురుగులు తీసి పెట్టింది. సియబాతా ఒకటి నోట్లో వేసుకుని, ఇవి తినే ధైర్యం ఉన్న మనిషికి కొండంటే భయమేమిటని మొదిరిని మళ్ళీ అన్నాడు. అందరం మళ్ళీ నవ్వాం. ఆ నవ్వులోనే తాళాలు ఇచ్చాడు, ఆ నవ్వులోనే బండి కదిలింది.

గంట దాటింది. సియబాతా తొట్టి దగ్గర సబ్బుపొడి, ఇసుక వేసుకుని చేతులు తోముకుంటున్నాడు. చప్పుడు ఆగిపోతే తల తిప్పి చూశాను. కుడిచెయ్యి మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"జాజు లేదు" అన్నాడు.

"ఎక్కడ?"

"వేలికి."

నీళ్ళకి పోయేది కాదు ఆ ఎరుపు, రెండు మూడు రోజులుంటుంది. ఇద్దరం వెళ్ళి డబ్బా చూశాం. మూత బిగించి ఉంది. పైన మీగడలా కట్టిన నూనె పొర చెక్కుచెదరలేదు.

ఏం జరగబోతుందో నాకు కళ్ళకి కట్టింది. మా ఊరి నుంచి రోడ్డు లోయ చుట్టూ తిరిగి కనుమ మీదికి వెళ్తుంది. అక్కడి నుంచి సరిహద్దు దాకా దిగుడే, పదకొండు మలుపులు, ఎడమవైపంతా గాలే, కింద లోయ. రెండో మలుపు కింద రెండు లారీలు ఎప్పటి నుంచో తుప్పు పడుతున్నాయి. ఆవిడ తోలుతున్న బండికి బిగించకుండా వదిలింది ఎడమ చక్రాన్నే.

వాళ్ళ నంబరు మేం తీసుకోలేదు. తీసుకున్నా ఆ దారిలో సిగ్నలు ఉండదు. షెడ్డులో ఉన్న ఒక్క లారీ ఇంజను నేల మీద ఉంది. డ్రైవర్లు తమ వ్యాన్లతో ఎప్పుడో పైఊళ్ళకి వెళ్ళిపోయారు. ఇంక గుర్రాలే. గుర్రం మీద గుట్ట దాటే అడ్డదారిన పోతే కనుమ సగానికి సగం దగ్గర. నాది షెడ్డు వెనకే కట్టేసి ఉంది. రెండోది కావాలంటే శ్మశానం దగ్గరికి పోయి అడగాలి.

మాలినేయో బల్ల మీద మొదిరి టోపీ చూసింది. తీసి మొగుడి చేతిలో పెట్టింది. "టోపీ మర్చిపోయారని చెప్పు. మిగతాది అక్కడికెళ్ళి చూసుకో. ఊరంతా అక్కడే ఉంది" అంది. ఆమెని నేను తప్పు పట్టను. ఆ గీత మీద నమ్మకమే వాళ్ళ ఇంటి అన్నం. సియబాతా టోపీ తీసుకున్నాడు. పానా ఒంటికి చుట్టుకున్న దుప్పటి లోపల దోపుకుని, జాజు డబ్బా, నాలుగు నట్లు జేబులో వేసుకున్నాడు.

గుంట ఇంకా పూడ్చడం అవలేదు. మొగవాళ్ళు వంతులవారీగా పార అందుకుంటున్నారు. వాడు వెనకనుంచి న్తోఫెలా దగ్గరికి వెళ్ళి, ఆయన గుర్రం అడిగాడు. ఎందుకని ఆయన అడిగితే టోపీ చూపించాడు.

"టోపీ కోసమా?" అన్నాడాయన.

"అవును, న్తాతే."

"మా అక్క మీద మట్టి పడడం అవ్వకముందే?"

సియబాతా నేల చూశాడు. నేనూ నేలే చూశాను. ఆయన కళ్ళెం ఇచ్చాడు. ఆ సాయంత్రం గుర్రం తిరిగి అప్పగించేటప్పుడు వాడు ఆయనకి నిజం చెప్పాడు. ఆయన విని, గుర్రం వీపు మీది చెమట గడ్డితో తుడవడం మొదలుపెట్టాడట. తిట్టి ఉంటే బాగుండేదని చాలా రోజుల తర్వాత నాతో అన్నాడు.

గుట్ట ఎక్కి దిగాం. వాడు గుర్రమెక్కి పదేళ్ళయి ఉంటుంది, జీనులో బస్తాలా ఎగిరిపడుతున్నాడు. అడ్డదారి ఒకచోట రోడ్డుని దాటుతుంది, అక్కడ చిన్న వాగు. బండి టైరు గుర్తులు తడిగానే ఉన్నాయి. సియబాతా దిగి గుర్తుల వెంట వంగి నడిచాడు. ఒడ్డు ఎక్కేచోట బురదలోంచి ఏదో తీసి దుప్పటికి తుడిచాడు. నట్టు. లోపలి మర మెరుస్తోంది.

"ఒకటి" అన్నాడు. దాన్ని ఇంకో జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత గుర్రాలని మేం దయగా చూడలేదు.

కనుమ అంచున తెల్ల పికప్పు ఆగి ఉంది. సెతున్యా బండి నీడలో చిన్న పొయ్యి మీద టీ పెడుతోంది. మొదిరి వంద అడుగుల అవతల, మొదటి మలుపు కనపడకుండా వీపు తిప్పి, బండరాయి మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ దిగుడు చూసి, చంపినా బండెక్కనని, నడిచే దిగుతానని భీష్మించాడట. ఆవిడ బతిమాలింది, తిట్టింది, చివరికి టీ పెట్టుకుంది. వాళ్ళు అక్కడ ఆగి అరగంట పైనే అయింది. ఆయన భయపడకపోయి ఉంటే అప్పటికి బండి మలుపుల్లో ఉండేది.

ఎంత తొందరైనా పలకరింపు పలకరింపే. దిగి, వాళ్ళ క్షేమం అడిగి, మా క్షేమం చెప్పి, అప్పుడు సియబాతా టోపీ చాచాడు. మొదిరి రాయి మీంచి లేచి వచ్చి టోపీని, నురగ కక్కుతున్న గుర్రాలని చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీని కోసం ఇంత దూరమా, న్తాతే" అన్నాడు. "పన్నెండు రోజుల్నుంచి అంటున్నాను, ఈ దేశంలో మనుషులు ఇంకా ఉన్నారని. విన్నావా?" అని పెళ్ళాం వైపు తిరిగాడు. ఆవిడ ఇంకో రెండు కప్పులు తీసింది. ఈ ఫొటో కూడా తియ్యాలంటూ ఫోను వెతుక్కుంటోంది.

అక్కడితో ఆగిపోవచ్చు. ఎలాగూ వచ్చాను కదా, ఒకసారి చక్రాలు చూస్తాను అని నట్లు బిగించేసి, టీ తాగి, దండం పెట్టి రావచ్చు. నాకైతే ఆ ఆలోచన వచ్చింది. వాడికీ వచ్చిందనే అనుకుంటాను, ఎందుకంటే వెళ్ళి చక్రం దగ్గర కూర్చుని నట్ల మీద చెయ్యి పెట్టాడు. ఒకటి లేదు. మిగతా అయిదూ వేలితో తిరుగుతున్నాయి.

సెతున్యా వెనకనుంచి, "వాగు దాటినప్పట్నుంచి ఎడంపక్క ఏదో కొట్టుకుంటోంది, మీ రోడ్డే అలాంటిదేమో అనుకున్నా" అంది.

సియబాతా లేచాడు. తన తలమీది టోపీ తీసి, ఆవిణ్ని మా భాషలో అమ్మా అని పిలిచాడు.

"టోపీ కోసం రాలేదు, మ్మే. ఇది బిగించకుండా పంపాను. శవం వచ్చింది, లేచాను, అది తప్పు కాదు. తర్వాత పానా చేతిలోనే ఉంది. కబుర్లు చెబుతూ నిలబడ్డాను. ఆయన్ని చూసి నవ్వుతూ నిలబడ్డాను. బిగించలేదు."

జేబులోంచి వాగు దగ్గర దొరికిన నట్టు తీసి అరచేతిలో చూపించాడు.

ఆవిడ ఫోను తెరిచి ఏదో చూసింది. తర్వాత వాడి మొహం ముందు పెట్టింది. టైరు మీద కాలు, భుజాన పానా, నోరంతా నవ్వు. కాలి పక్కన ఆరు నట్లు, ఒక్కదాని మీదా గీత లేదు. వెనకాల నేను, పళ్ళన్నీ బయటపెట్టి.

"నేను రోజూ లారీ ఎక్కేముందు చుట్టూ తిరిగి నట్లు చూసుకుంటాను" అందావిడ. "పద్దెనిమిదేళ్ళ నుంచి. ఇవాళ చూడలేదు. బేరింగు దగ్గర మీ చేతులు చూశాక మళ్ళీ చూడడం మిమ్మల్ని అవమానించినట్టు ఉంటుందనుకున్నాను."

వాడు తలెత్తలేదు.

మొదిరి టోపీని చేతుల్లో చుట్టూ తిప్పుతున్నాడు, కుట్లు చూస్తున్నట్టు. "నేనూ కబుర్లలో పడి తప్పు కోసిన గుడ్డలున్నాయి, న్తాతే" అన్నాడు చివరికి. "కానీ గుడ్డ కొండ మీంచి పడదు." అని టోపీ పెట్టుకుని వెళ్ళి మళ్ళీ ఆ రాయి మీదే కూర్చున్నాడు, ఈసారి లోయ వైపు తిరిగి. ఆయన్ని చూసి నేను నవ్విన నవ్వులన్నీ నాకు గుర్తొచ్చాయి.

సియబాతా బండిని దాని జాకీతోనే లేపి, చక్రం విప్పి, బోల్టులు చూసి, చక్రం రంధ్రాలు అరగలేదని వేలు పెట్టి తడిమి మళ్ళీ ఎక్కించాడు. బురదలో దొరికిన నట్టు పక్కన పెట్టి జేబులోంచి కొత్తది వేశాడు. జాకీ దించాడు. పానా తగిలించబోతుంటే సెతున్యా చెయ్యి చాచింది.

"నేను బిగిస్తాను. మీరు చూడండి."

పానా ఇచ్చాడు. ఆవిడ స్కర్టు దోపుకుని, ఎదురెదురు నట్లు వరసగా, ఒక్కోదాని మీద కాలితో తొక్కి మరీ బిగించింది. ఆ పని ఎరిగిన మనిషి. వాడు పక్కన గొంతుకూర్చుని, అదే క్రమంలో ఒక్కోదాన్నీ చూపు తిప్పకుండా చూశాడు. ఆరోది అయ్యాక డబ్బా మూత తీశాడు. పైన కట్టిన పొరని బొటనవేలితో పగలగొట్టి ముంచాడు. ఆరు గీతలు గీశాడు. ఆవిడేమీ అడక్కపోయినా మిగతా మూడు చక్రాల దగ్గరికీ వెళ్ళి, పానాతో పట్టి చూసి, వాటికీ గీశాడు.

టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

సెతున్యా బండెక్కి ఇంజను స్టార్టు చేసింది. ముందు మొదిరి నడక మొదలుపెట్టాడు, లోయ వైపు అంచుకి దూరంగా, కొండకి చెయ్యి ఆనించి. సియబాతా కిటికీ దగ్గరికి వెళ్ళి, డబ్బా, పానా రెండూ లోపలికి అందించాడు. ఆ పానా ట్రాక్టరు రోజుల నాటిది, వాడికి ఉన్నది అదొక్కటే.

"రెండు మలుపులకోసారి దిగి చూడండి, మ్మే. గీత విరిగితే బిగించండి. మళ్ళీ గియ్యండి."

ఆవిడ రెండూ తీసుకుని పక్క సీటులో, మొదిరి కూర్చోవలసిన చోట పెట్టింది. గేరు వేసింది.